పతకంలో పట్టని చేతులు

1802లో ఫిలడెల్ఫియాలో ఒక చెక్కడపు బొమ్మ అచ్చయింది. రాగిరేకు మీద గీతలు గీసి, చుక్కలు పొడిచి, వాటిలో సిరా నింపి, తడి కాగితం మీద ఒత్తి తీసే బొమ్మ అది. గీసినవాడు జాన్ జేమ్స్ బారలెట్. 1799 డిసెంబరులో చనిపోయిన జార్జి వాషింగ్టన్ ఆ బొమ్మలో సమాధిలోంచి పైకి లేస్తూ ఉంటాడు. రెక్కలున్న కాలపురుషుడూ, అమరత్వానికి గుర్తుగా ఒక దేవదూతా ఆయన్ని పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. కింద స్వేచ్ఛాదేవి తల వంచుకుని ఏడుస్తుంటుంది. అక్కడే నేలమీద దుఃఖంలో మునిగిన ఒక ఆదివాసీ. విశ్వాసం, ఆశ, దయ అనే మూడు సుగుణాలు ముగ్గురు ఆడవాళ్ళ రూపంలో నిలబడి ఉంటాయి.

1865లో అబ్రహాం లింకన్ హత్య జరిగింది. ఆ ఏడాదే అదే ఫిలడెల్ఫియా నుంచి అదే బొమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి రాగిరేకు బదులు లిథో రాయి మీద. సమాధి అదే, కాలపురుషుడు అతనే, ఏడ్చే స్వేచ్ఛాదేవి ఆమే. వాషింగ్టన్ మొహం తీసేసి లింకన్ మొహం పెట్టారు, అంతే. చనిపోయిన మగవాడు మారాడు గానీ, అరవై మూడేళ్ళ తర్వాత కూడా ఆడవాళ్ళ ఏడుపు మారలేదు. మారాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. ఎందుకంటే అందులో ఆడవాళ్ళెవరూ మనుషులు కారు. వాళ్ళు గుర్తులు.

పద్దెనిమిదో శతాబ్దపు రెండో సగంలో యూరప్‌కి గ్రీకు, రోమన్ ప్రాచీనత మీద కొత్త మోజు పుట్టింది. హెర్క్యులేనియం, పాంపే నగరాలు తవ్వకాల్లో బయటపడడం దానికి ఊతమిచ్చింది. ఆ మోజులోనే సంస్మరణ చిత్రాలకి ఒక నిఘంటువు తయారైంది. అండాకారపు చట్రంలో, నాణెం మీద చక్రవర్తిలాగా మొహం ఉంటే అతను గొప్పవాడు. చుట్టూ లారెల్ ఆకుల దండ ఉంటే కీర్తి. తలకిందులైన కాగడా ఆరిపోయిన ప్రాణం. తన తోకని తానే మింగే పాము అనంతకాలం. విరిగిన స్తంభం అర్ధాంతరపు చావు. ముసుగు కప్పిన కలశం చితాభస్మం. బాకా ఊదే ఆడమనిషి కీర్తికాంత. కలశం మీద వాలి ఏడ్చే ఆడమనిషి దుఃఖం, లేకపోతే దేశం, లేకపోతే కవిత్వం. ఈ నిఘంటువులో మగవాడికి పేరుంది, ఊరుంది, పుట్టిన తేదీ ఉంది. ఆడదానికి వొళ్ళు మాత్రమే ఉంది. ఆ వొళ్ళు ఎప్పుడూ ఏదో ఒక భావానికి అద్దెకిచ్చిన ఇల్లు.

ఇదంతా ఎక్కడి గొడవ, పలాసకీ టెక్కలికీ దీంతో ఏం పని అనిపించవచ్చు. చాలా దగ్గరి పనే ఉంది.

ఈ పద్ధతిలో మన దేశంలో అందరికంటే ఎక్కువ స్మారకాలు దక్కినవాళ్ళలో కారన్‌వాలిస్ ఒకడు. 1792లో టిప్పు సుల్తాన్ ఓడిపోయి ఇద్దరు కొడుకుల్ని బందీలుగా అప్పగించినప్పుడు ఆ ఘట్టాన్ని రాబర్ట్ హోమ్, మాథర్ బ్రౌన్ లాంటి చిత్రకారులు పోటీపడి గీశారు. వాటి చెక్కడపు అచ్చులు ఇంగ్లండులో గోడలకెక్కాయి. ఆ పిల్లలు జనానా విడిచి వెళ్ళే దృశ్యాన్ని కూడా అచ్చు వేసి అమ్ముకున్నారు. అందులో ఆడవాళ్ళ పని మనం ఊహించగలిగిందే. మద్రాసు కోటకి థామస్ బ్యాంక్స్ చెక్కిన కారన్‌వాలిస్ విగ్రహం వచ్చింది. దాని పీఠం మీద ఉన్నది ఆ పిల్లల అప్పగింతే. కలకత్తా విగ్రహంలో ఆయన రోమన్ దుస్తుల్లో నిలబడితే, పాదాల దగ్గర వివేకం, ధైర్యం ఆడవాళ్ళయి కూర్చున్నాయి. 1805లో ఆయన గాజీపూర్‌లో చనిపోయాడు. అక్కడి సమాధి మందిరంలో జాన్ ఫ్లాక్స్‌మన్ చలవరాతి మీద పతకంలాంటి చట్రంలో ఆయన మొహం చెక్కాడు. దానికి అటూ ఇటూ ఒక హిందువూ ఒక ముస్లిమూ తలలు వంచుకుని దుఃఖిస్తుంటారు. కారన్‌వాలిస్ కోసం దేశమంతా ఏడ్చిందని ఆ రాయి చెబుతుంది.

ఆ పతకంలో ఉన్న మనిషే 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు విధానం తెచ్చాడు. భూమికి జమీందారుని యజమానిని చేసి, కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ ఎప్పటికీ మారకుండా స్థిరపరిచాడు. 1802లో, అంటే ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ స్వర్గానికి పోతున్న ఆ ఏడాదే, మద్రాసు ప్రభుత్వం అలాంటి రెగ్యులేషనే చేసి ఉత్తర సర్కారులకి వర్తింపజేసింది. గంజాం జిల్లాలో ఉన్న టెక్కలి, మందస లాంటి జమీందారీలు ఆ చట్టం నీడలోకి వచ్చాయి. పొలాలతోపాటు బంజరూ కొండా అడవీ జమీందారు ఆస్తి అయ్యాయి. అంతవరకూ నాగలి కర్రకీ, ఇంటి వాసాలకీ, పొయ్యిలో కట్టెలకీ, విస్తరాకులకీ అడవిలోకి పోయి వచ్చే జనం ఆ చట్టం ముందు దొంగలయ్యారు. ఒక్కసారిగా కాదు. తరాల మీద, రుసుం మీద రుసుంగా, జుల్మానా మీద జుల్మానాగా.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ తెలుగు ప్రాంతం గంజాం నుంచి విడిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. జిల్లాల పేర్లు మారినా అడవి జమీందారుదే. 1940 మార్చి చివర పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే జైల్లో ఉన్నాడు. ఆ సభ ఇచ్చిన ధైర్యంతో మందస జమీందారీ రైతులు అడవిలో కట్టెలూ కలపా కొట్టుకుని బళ్ళకెత్తుకున్నారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో రైతుల్ని అరెస్టు చేసి తీసుకుపోతున్న పోలీసులకి ఊరు అడ్డుపడింది. ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ. అప్పటికామె గర్భవతి. కాల్పుల్లో ఆమే, మరో నలుగురూ చనిపోయారు.

పతకంలో ఉన్నవాడి చట్టం ఒక కొసనీ, ఆ తూటా మరో కొసనీ ఉన్నాయి. మధ్యలో సుమారు నూట నలభై ఏళ్ళు. గాజీపూర్ చలవరాతి మీద భారతదేశం కారన్‌వాలిస్ కోసం ఏడుస్తూనే ఉంది. ఆ చలవరాతి ఏడుపు ఎంత అబద్ధమో తెలియాలంటే గుడారి రాజమణిపురం నుంచి చూడాలి.

గున్నమ్మ పేరు ఉద్దానంలో ఎవరూ మరిచిపోలేదు. ఏప్రిల్ 1న దండలు పడతాయి, ఉపన్యాసాలు నడుస్తాయి. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. నా పరిశోధన స్మృతికావ్యాల మీద. అంచేత దండలకన్నా మాటల్ని ఎక్కువ పట్టించుకుంటాను. గున్నమ్మ గురించి మనం వాడే మాటలు మూడు. ఒకటి ‘వీర’. అది ఇప్పుడు విశేషణంగా కూడా మిగల్లేదు, పేరులో కలిసిపోయింది. రెండోది ‘నిండు చూలాలు’. మూడోది ‘ఝాన్సీరాణి’. ఈ మూడూ గౌరవంగా అన్న మాటలే. కానీ వరసగా పెట్టి చూస్తే, లారెల్ దండా కలశమూ బాకా గుర్తొస్తాయి. అదే నిఘంటువు తెలుగులోకి వచ్చి కూర్చున్నట్టుంటుంది.

ముందు ఝాన్సీరాణి సంగతి చూద్దాం. లక్ష్మీబాయి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆమె తన రాజ్యం కోసం పోరాడిన రాణి. గున్నమ్మ ఎస్టేటు అడవిలో కట్టె కొట్టే హక్కు కోసం నిలబడ్డ రైతు స్త్రీ. జమీందారుని ఎదిరించిన ఆడదాన్ని గౌరవించడానికి మనకి ఒక రాణి కిరీటం తప్ప ఇంకేమీ దొరకలేదా? గుర్రం, కత్తి, వీపుకి కట్టుకున్న బిడ్డ. ఈ బొమ్మ తెచ్చి గున్నమ్మకి తొడిగితే ఆమె ఎవరితో పోరాడిందో, ఎందుకు పోరాడిందో ఆ గుర్రం దుమ్ములో కనిపించకుండా పోతాయి.

ఇక చూలాలు. ఆమె గర్భవతి అన్నది నిజం. తూటా రెండు ప్రాణాల్ని తీసిందన్న బాధ కూడా నిజం. కానీ ఆ ఒక్క మాట మిగతా అన్నిటినీ మింగేస్తుంది. వింటున్నవాళ్ళ మనసులో ఆమె పొట్ట ఒక కలశం అవుతుంది. దాని మీద మనం వాలి ఏడుస్తాం. ఏడుపు అయ్యాక లేచి వెళ్ళిపోతాం. ఆమె అక్కడ ఎందుకు నిలబడింది అన్న ప్రశ్న వెనకబడుతుంది. చరిత్ర పుస్తకాల్లో ఇది ‘రైతుల’ పోరాటం. బండి మగవాడిది, గొడ్డలి మగవాడిది అని మన కళ్ళు ముందే నిర్ణయించుకుని ఉంటాయి. బండిలో ఉన్న కట్టె ఎవరి పొయ్యిలోకి పోతుంది? వానాకాలానికి పుల్లలు దాచుకునేది ఎవరు? అడవి మూసేస్తే ఎక్కువ దూరం నడవాల్సింది ఎవరు? అడవి మీద హక్కు ముందుగా పొయ్యి మీద హక్కు. గున్నమ్మ ఆ గొడవలో ఎవరికో అండగా వచ్చిన మనిషి కాదు, ఆ గొడవ ఆమె సొంతం. ఈ సంగతి ‘వీర’ అన్న మాటలో లేదు, ‘చూలాలు’ అన్న మాటలో లేదు. కట్టెల మోపులో ఉంది. ఆమె స్మారకానికి గుర్తు వెతకాల్సి వస్తే నేను కత్తి జోలికి పోను. కట్టెల మోపు చాలు.

ఉద్దానంలో ఇంకో రకం స్మారకం కూడా ఉంది. అది మొహం లేనిది. బొడ్డపాడులో శ్రీకాకుళం సాయుధ పోరాటంలో చనిపోయినవాళ్ళ స్తూపం అలాంటిది. స్తూపం అన్న మాట మనకి బౌద్ధం నుంచి వచ్చింది. ఇదే జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద గుండ్రటి స్తూపాల శిథిలాలున్నాయి. కానీ మన ఊళ్ళలో అమరుల పేరిట లేచే నిలువెత్తు కట్టడం ఆకారం వేరు. అది ఈజిప్టు రాతి కంబం మనవరాలు. రోమన్ చక్రవర్తులు ఎత్తుకొచ్చి తమ నగరంలో పాతుకున్నారు, యూరప్ సమాధుల మీదికీ యుద్ధ స్మారకాల మీదికీ అది పాకింది, అక్కడినుంచి కమ్యూనిస్టు ఉద్యమాలతో మన మట్టిలోకి వచ్చి ఎర్రరంగు పూసుకుంది. పతకంతో పోలిస్తే ఇందులో ఒక న్యాయం ఉంది. ఏ ఒక్కడి మొహమూ పెద్దది కాదు, ఏడ్చే దేవతలు లేరు, ఎవరైనా ఒక పేరే.

అయినా పేర్లకి కూడా ఒక వరస ఉంటుంది. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి మరో ఆరుగురితో పాటు చనిపోయాడు. ఆ డిసెంబరు 22న కవి సుబ్బారావు పాణిగ్రాహి చనిపోయాడు. బొడ్డపాడులో పూజారిగా ఉంటూ జముకుల కథని ఉద్యమానికి గొంతుగా మార్చినవాడు. ఆ రోజు ఆయనతో పాటు చనిపోయినవాళ్ళలో పంచాది నిర్మల, అంకమ్మ, సరస్వతి ఉన్నారు. పాణిగ్రాహి గురించి సాహిత్య చరిత్రలో పేజీలున్నాయి. నిర్మల గురించి చెప్పే వాక్యం తరచుగా భర్త పేరుతో మొదలవుతుంది. అంకమ్మ, సరస్వతి చాలాచోట్ల ఒక్కొక్క మాటగా, రెండు కామాల మధ్య వచ్చి పోతారు. ఫ్లాక్స్‌మన్ పతకం పక్కన పేరు లేని మనుషుల్ని పెట్టాడు. మనం పేర్లు పెట్టాం, కానీ మనుషుల్ని రాయలేదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో స్త్రీలు తమ నోటితో తాము మాట్లాడారు. చావని వాళ్ళు కాబట్టి మాట్లాడగలిగారు. ఉద్దానం అడవుల్లో చనిపోయినవాళ్ళకి ఆ అవకాశం లేదు. వాళ్ళ తరఫున మాట్లాడే వాక్యం ఎక్కడ మొదలవుతుందన్నది అందుకే అంత ముఖ్యం.

మూడో రకం స్మారకం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. గోడకి దండ వేసిన ఫోటో. కారణాలు ఇప్పటికీ పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు ఉద్దానంలో ఎన్నో ఇళ్ళ గోడల్ని నింపింది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఆ లోపు గోడకెక్కినవాళ్ళు ఎక్కారు. పలాస, కాశీబుగ్గ స్టూడియోల్లో ఈ ఫోటోలు తయారయ్యే పద్ధతి నేను కూర్చుని చూశాను. ఆధార్ కార్డులోదో, రేషను కార్డులోదో, పెళ్ళి గుంపు ఫోటోలోంచి కత్తిరించిందో ఒక మొహం తెస్తారు. దాన్ని పెద్దది చేసి, మగవాడైతే కోటు తొడుగుతారు, ఆడదైతే పట్టుచీరా నగలూ పెడతారు. వెనక నీలం ఆకాశం, తల చుట్టూ వెలుగు. చుట్టూ పూలతీగ చట్రం. కింద జననం, మరణం. స్టూడియో కుర్రాడికి ఫ్లాక్స్‌మన్ పేరు తెలియనక్కర్లేదు. మన పాత పుస్తకాల మొదటి పేజీల్లో తలపాగాతో, తీగల చట్రంలో కూర్చున్న కృతిభర్త జమీందారుల ఫోటోలు కూడా ఈ తోవలోనే వచ్చాయి. ఒకప్పుడు లార్డులకీ జమీందారులకీ మాత్రమే దక్కిన పతకం ఇప్పుడు జీడి కార్మికురాలికీ దక్కుతోంది. దీన్ని చూసి ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. బతికి ఉన్నప్పుడు పట్టుచీర కట్టని తల్లికి పోయాక కట్టబెట్టుకునే బిడ్డ ప్రేమ అది.

కానీ పతకానికి మొదటినుంచీ ఒక లక్షణం ఉంది. అది మనిషిని రొమ్ముల దగ్గర కోసేస్తుంది. మొహమే మనిషి అని రోమన్ నాణెం నుంచి ఆధార్ కార్డు దాకా అందరూ ఒప్పుకున్నారు. లార్డుకి దాని వల్ల నష్టం లేదు. ఆయన చేతులు చేసిన పని సంతకం, అది చట్టంలో ఉంది. ఉద్దానం ఆడవాళ్ళకి నష్టం ఉంది. వాళ్ళ చరిత్ర చేతుల్లో ఉంది.

పలాసలో జీడి పిక్కల పరిశ్రమ గురించి తెలియనివాళ్ళుండరు. పిక్కని ఉడికించో కాల్చో పెంకు కొట్టాలి, లోపలి పప్పుని ఆరబెట్టాలి, పైపొట్టు ఒలవాలి, గుండునీ బద్దనీ ముక్కనీ వేరు చేయాలి. కొట్టడం, ఒలవడం, ఏరడం చాలావరకు ఆడవాళ్ళ పని. పెంకులో ఉండే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. చేతులకి బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. అయినా వేళ్ళు నల్లబడతాయి, తోలు ఊడి మళ్ళీ వస్తుంది, వేలిగీతలు అరిగిపోతాయి. వేలిముద్రల యంత్రం తమని గుర్తుపట్టదని చెప్పి నవ్వినవాళ్ళు నాకు ఒకరు కాదు, ఎందరో కనిపించారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటల్నీ కొబ్బరితోటల్నీ పడగొట్టినప్పుడు పడిపోయిన చెట్ల లెక్క వచ్చింది. ఆ చెట్ల కింద ఏరిన చేతుల లెక్క రాలేదు. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలకు వ్యతిరేకంగా జరిగిన పోరాటాల మీద కాల్పులు జరిగాయి. బీలనీ తంపరనీ కాపాడుకోవడానికి ఆ పోరాటాల్లో బయటికి వచ్చిన ఆడవాళ్ళవీ ఇలాంటి చేతులే.

ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లో ‘తల్లి’ విగ్రహాల గురించి చర్చ చాలా జరిగింది. 2024 డిసెంబరులో తెలంగాణ సచివాలయంలో పెట్టిన తెలంగాణ తల్లికి కిరీటం తీసేశారు, చేతిలో పంటలు పెట్టారు, బతుకమ్మ ఏదని అడిగినవాళ్ళున్నారు. చేతిలో ఏముండాలన్న గొడవ నాకు అనవసరం అనిపించలేదు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే. కానీ ‘తల్లి’ని అడిగినంత శ్రద్ధగా మనం మనుషుల్ని అడగడం లేదు. గున్నమ్మ చేతిలో ఏముంది, అంకమ్మ చేతిలో ఏముంది, పిక్కలు కొట్టే మనిషి చేతిలో ఏముంది?

వేరేగా చేయవచ్చనడానికి మన దగ్గర దాఖలాలు లేకపోలేదు. భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదలుపెట్టినప్పుడు స్త్రీల జీవితాల్ని ఒక్కొక్కటిగా, పేరూ ఊరూ పనీ చెప్పి రాసింది. సరిగ్గా నూరేళ్ళకి, 2001లో, అస్మిత ప్రచురించిన ‘మహిళావరణం’లో ఓల్గా, వసంత్ కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ తెలుగు స్త్రీల జీవితాల్ని భరత్ భూషణ్ ఫోటోలతో కలిపి పెట్టారు. ఆ పుస్తకంలో ఆడవాళ్ళు దేనికీ గుర్తులు కారు, వాళ్ళకి వాళ్ళే. స్మారకం అంటే ఇలా ఉండాలని నేను ఎవరికీ నియమాలు చెప్పడం లేదు. గున్నమ్మని రాసేవాళ్ళు ఒక్క పేరా కట్టెల గురించి రాయండి, నిర్మలని ఆమె పేరుతోనే మొదలుపెట్టండి, అంకమ్మనీ సరస్వతినీ కామాల మధ్య నుంచి బయటికి తీయండి అని మాత్రం రచయిత్రులుగా మనల్ని మనం అడగవచ్చు.

కాశీబుగ్గ దగ్గర ఒక ఇంట్లో నలభై ఏళ్ళు పిక్కలు కొట్టి పోయిన ఒక అత్తగారి ఫోటో చూశాను. పట్టుచీర, మెడలో స్టూడియో వేసిన హారం. ఆమె చేతులు కనపడే ఫోటో ఏదైనా ఉందా అని కోడల్ని అడిగాను. “సేతులెవులు తీత్తారమ్మా, మొకవే కదా తీత్తారు” అంది. కాసేపాగి తన చేతులు రెండూ చాచి చూపించి, “మాయత్తయ్యవి ఇలగే ఉండీవి” అంది. నేను ఆ చేతులకి ఫోటో తీస్తానంటే ఒప్పుకుంది. తీసేముందు లోపలికి వెళ్ళి బూడిద కడుక్కొస్తానని లేచింది. వద్దన్నాను.